హజ్రత్‌బల్ చోరీ: అరవయ్యేళ్ళు దాటినా వీడని ముడి

శుక్రవారం పేజీ కదా, ఒక శుక్రవారం సంగతితోనే మొదలుపెడతాను. అది 1963 డిసెంబర్ 27. హిజ్రీ 1383, షాబాన్ నెల. కశ్మీరీలు ‘చిల్లయె కలాన్’ అని పిలుచుకునే నలభై రోజుల గడ్డు చలి మొదలై అప్పటికి వారం కూడా కాలేదు. ఆ రాత్రి శ్రీనగర్‌లో దాల్ సరస్సు ఒడ్డున ఉన్న హజ్రత్‌బల్‌లోకి ఎవరో చొరబడ్డారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి పవిత్ర కేశంగా కశ్మీర్ ముస్లింలు తరతరాలుగా కళ్ళకద్దుకుంటున్న ‘మూయె ముఖద్దస్’ను ఎత్తుకుపోయారు. తెల్లవారేసరికి ఆ గాజు గొట్టం ఉండవలసిన చోట లేదు.

హజ్రత్‌బల్‌ను అందరూ దర్గా అంటారు గానీ అక్కడ ఏ వలీ సమాధీ లేదు. ఉన్నది మస్జిదు, ఈ పవిత్ర చిహ్నం, అంతే. ‘బల్’ అంటే కశ్మీరీలో చోటు. మొగల్ సుబేదారు సాదిఖ్ ఖాన్ 1623లో అక్కడ ఒక తోట, విలాస మందిరం కట్టించాడు. 1634లో షాజహాన్ వచ్చి చూసి దాన్ని నమాజు స్థలంగా మార్చమన్నాడు. అప్పటికింకా పవిత్ర కేశం కశ్మీర్ చేరలేదు. అది మన దక్కను నేల మీదుగా అక్కడికి వెళ్ళింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

వార్త పొక్కగానే శ్రీనగర్ స్తంభించిపోయింది. దుకాణాలు మూతపడ్డాయి. మంచులో, నల్లజెండాలు పట్టుకుని, గుండెలు బాదుకుంటూ జనం వేలూ లక్షలుగా వీధుల్లోకి వచ్చారు. పల్లెల నుంచి నడిచి వచ్చారు. బహిరంగ వంటశాలలు పెట్టి ఒకరికొకరు అన్నం పెట్టుకున్నారు. గమనించవలసిన విషయం ఒకటుంది. కశ్మీరీ పండితులు, సిక్కులు కూడా ఆ ఊరేగింపుల్లో నడిచారు. లోయలో ఒక్క హిందువు ఇంటి మీద రాయి పడలేదు. జనం కోపమంతా ప్రభుత్వం మీదే. అధికారంలో ఉన్నవారి కుటుంబీకులవని పేరున్న సినిమా హాళ్ళకు నిప్పు పెట్టారు. పోలీసు కాల్పుల్లో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఆ కోపానికి నేపథ్యం తెలియాలి. అప్పట్లో జమ్మూ కశ్మీర్ ముఖ్యమంత్రిని కూడా ‘ప్రధానమంత్రి’ అనే పిలిచేవారు. షేక్ అబ్దుల్లాను 1953లో గద్దె దింపి జైల్లో పెట్టాక పదేళ్ళు బక్షీ గులాం ముహమ్మద్ పాలించారు. 1963 అక్టోబర్‌లో కామరాజ్ పథకం కింద ఆయన దిగిపోతూ తన మనిషి షంసుద్దీన్‌ను కూర్చోబెట్టారు. పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది అన్న భావన జనంలో ఉంది. అందుకే ఈ చోరీ వెనుక ఎవరున్నారన్న ప్రశ్న మొదటి రోజే రాజకీయమైపోయింది. షంసుద్దీన్ ఆచూకీ చెప్పినవారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించారు. ఆ రోజుల్లో లక్ష అంటే చిన్న మాట కాదు. అయినా దానికోసం ఒక్కరూ ముందుకు రాలేదు.

ఢిల్లీలో నెహ్రూ రేడియోలో మాట్లాడారు. గూఢచారి విభాగం అధిపతి బి.ఎన్. మల్లిక్‌ను స్వయంగా శ్రీనగర్‌కు పంపారు. ఆ వారంలోనే షబె బరాత్ వచ్చింది. ఆ ఏడు కశ్మీర్ ఆ రాత్రిని దుఃఖంతోనే జాగారం చేసింది. చివరకు జనవరి 4న రేడియో ప్రకటించింది: పవిత్ర కేశం దొరికింది! జనం వీధుల్లో పరస్పరం కౌగిలించుకున్నారు.

ఎక్కడ దొరికింది? హజ్రత్‌బల్‌లోనే! తీసుకువెళ్ళినవాళ్ళే గుట్టుచప్పుడు కాకుండా తిరిగి తెచ్చి పెట్టేశారన్నమాట. అంత కాపలా మధ్య ఎలా తెచ్చారు, తెచ్చినవాడిని ఎందుకు పట్టుకోలేదు అన్న ప్రశ్నకు సర్కారు నుంచి జవాబు రాలేదు. సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు. “దొరికింది అసలుదేనా?” అన్న మాట బజారులో లేచింది.

చోరీ కంటే ఈ ఘట్టమే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. మౌలానా మస్ఊదీ, మీర్‌వాయిజ్ ఫారూఖ్ వంటివారు ముందుండి నడిపించిన కార్యాచరణ సంఘం ఒకే కోరిక కోరింది. పవిత్ర కేశాన్ని ధార్మిక పెద్దలకు చూపించండి, వాళ్ళు ఔనంటే మేమూ ఔనంటాం. అధికారులు ఒప్పుకోలేదు. వాళ్ళ భయం అర్థం చేసుకోదగినదే. ఎవరైనా ఒక్క పెద్దాయన ‘కాదు’ అంటే లోయను ఆపేదెవరు? దాదాపు నెల రోజులు ఈ పెనుగులాట సాగింది. జనవరి ఆఖరులో నెహ్రూ లాల్ బహదూర్ శాస్త్రిని పంపారు. శాస్త్రిగారికి సరైన చలి కోటు లేకపోతే నెహ్రూ తన కోటు ఇచ్చి పంపారని, అది ఆయనకు మోకాళ్ళు దాటి వేలాడిందని చెబుతారు. పొట్టి మనిషే గానీ ధైర్యం పొట్టిది కాదు. ‘చూపించండి’ అన్నారు.

1964 ఫిబ్రవరి 3. అప్పటికి రమజాను వచ్చేసింది. సయ్యద్ మీరక్ షా కాషానీ కశ్మీర్ అంతా గౌరవించే వృద్ధ బుజుర్గ్. ఆయనతోపాటు మరికొందరు పెద్దలు హజ్రత్‌బల్ చేరారు. పవిత్ర కేశాన్ని మీరక్ షా కళ్ళ ముందుకు తెచ్చారు. ఆయన పరీక్షగా చూశారు. అక్కడున్న అధికారుల గుండెలు ఎలా కొట్టుకుని ఉంటాయో మనం ఊహించుకోవచ్చు. ఆయన ఇదే అసలైనదని ధ్రువీకరించారు. ఆ ఒక్క మాటతో లోయ శాంతించింది. తుపాకులు చేయలేని పని అది.

మా మదర్సాలో ఉస్తాదులు మాకు మొదట నేర్పింది ‘సనద్’. ఏ మాటైనా ఎవరు చెప్పారు, ఆయనకు ఎవరు చెప్పారు, ఆ ఇద్దరూ నిజంగా కలుసుకున్నారా అని గొలుసు కట్టుకుంటూ వెళ్ళాలి. పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, “మౌల్వీ సాబ్, మీరక్ షా గారికి అదే అని ఎలా తెలిసింది?” అని. ఆయన అంతకుముందు దీదార్లలో దాన్ని చూసి ఉన్నారు, గుర్తుపట్టారు, అంతే. ఆ రోజున జరిగింది ప్రయోగశాల పరీక్ష కాదు. అది సాక్ష్యం. సాక్ష్యం బలం సాక్షి నడవడిక మీద ఆధారపడుతుందని మన ఫిఖ్‌హ్ పుస్తకాలన్నీ చెబుతాయి. జనం నమ్మింది మీరక్ షా చూపును కాదు, ఆయన అరవై డెబ్బై ఏళ్ళ జీవితాన్ని అని నేననుకుంటాను.

మరి ఆ కేశం సనద్ సంగతి? దైవప్రవక్త (స) వారి కేశాలను సహాబాలు దాచుకున్నారన్నది నిర్వివాదం. చివరి హజ్‌లో శిరోముండనం అయ్యాక ఆ కేశాలను హజ్రత్ అబూ తల్హా (ర) చేత పంచిపెట్టించినట్లు సహీ ముస్లింలో ఉంది. హజ్రత్ ఉమ్మె సలమా (ర) వద్ద కొన్ని ఉండేవని సహీ బుఖారీలో ఉంది. హజ్రత్‌బల్ కేశం విషయానికొస్తే, సయ్యద్ అబ్దుల్లా అనే ఆయన 1635లో మదీనా నుంచి బీజాపూర్‌కు తెచ్చారంటారు. అంటే ఆదిల్‌షాహీల రాజధానికి, మన దక్కనుకు. ఆయన కుమారుడు సయ్యద్ హమీద్ కాలంలో మొగలులు బీజాపూర్‌ను జయించారు. ఆస్తులు పోయాయి. చేతిలో చిల్లిగవ్వ లేని స్థితిలో ఆయన దాన్ని ఖ్వాజా నూరుద్దీన్ అనే కశ్మీరీ వర్తకుడికి అప్పగించారు. ఔరంగజేబుకు ఈ విషయం తెలిసి దాన్ని స్వాధీనం చేసుకుని అజ్మీర్ పంపాడు. వర్తకుణ్ణి ఖైదు చేశాడు. తర్వాత చక్రవర్తికి కల వచ్చిందని, మనసు మారిందని కథ. నూరుద్దీన్ అప్పటికే చనిపోయాడు. 1700 ప్రాంతంలో ఆయన భౌతికకాయమూ, పవిత్ర కేశమూ కలిసి కశ్మీర్ చేరాయి. ఆయన కుమార్తె ఇనాయత్ బేగం దానికి సంరక్షకురాలైంది.

నా లెక్కలో ఇందులో రెండు పాళ్ళున్నాయి. బీజాపూర్ నుంచి శ్రీనగర్ దాకా ఉన్నది చరిత్రకు దగ్గరగా ఉంది. కల మాట జానపదం. మదీనాకు అటువైపు, వెయ్యేళ్ళ గొలుసు కుటుంబం నోటి మాట. ఒక ముహద్దిస్ తన త్రాసులో వేసి తూస్తే దీన్ని ‘సహీ’ అని రాయడు. ఈ మాట అన్నందుకు నా మీద ఎవరూ అలగనక్కరలేదు. బీజాపూర్ ఆసార్ మహల్‌లోనూ, హైదరాబాద్ మక్కా మసీదులోనూ ఆసారె ముబారక్ ఉన్నాయి. వాటి ముందు కన్నీళ్ళు పెట్టుకున్న ముసలివాళ్ళను నేను చూశాను. ఆ కన్నీళ్ళు దైవప్రవక్త (స) మీద ప్రేమకు చెందినవి. వాటికి సనద్ అడగడం నాకు చేతకాదు.

ఇక దొంగ మాట. 1964 ఫిబ్రవరిలో హోం మంత్రి గుల్జారీలాల్ నందా ముగ్గురిని అరెస్టు చేసినట్లు పార్లమెంటుకు తెలిపారు. కానీ ఎవరు చేయించారు, ఎందుకు చేయించారు? నాలుగు రకాల మాటలు వినబడ్డాయి. పాకిస్తాన్ పన్నాగమని ఇక్కడివారన్నారు. హిందుస్తాన్ కుట్ర అని అక్కడివారన్నారు. బక్షీ వర్గం రాజకీయమని శ్రీనగర్ వీధులన్నాయి. మంచాన పడ్డ ఒక పెద్దింటి వృద్ధురాలికి చివరి దీదార్ చేయించడానికి రాత్రికి రాత్రి తీసుకెళ్ళి, గోల మొదలయ్యేసరికి భయపడి తిరిగి పెట్టారన్నది నాలుగో మాట. తిరిగి తెచ్చి పెట్టిన తీరుకు ఈ నాలుగోది బాగా అతుకుతుంది. అతికినంత మాత్రాన రుజువైపోదు. మొదటి మూడింటికీ బహిరంగంగా ఎవరూ సాక్ష్యం పెట్టలేదు.

తెలిసిన మనిషి ఒకరున్నారు. మల్లిక్. 1971లో నెహ్రూతో తన సంవత్సరాల గురించి రాసిన పుస్తకంలో కశ్మీర్ భాగంలో ఈ ఘటనకు చాలా పేజీలిచ్చారు. జనసందోహం, చలి, నెహ్రూ ఆతృత అన్నీ ఉన్నాయి. పవిత్ర కేశం ఎలా తిరిగి వచ్చిందన్న చోటికి వచ్చేసరికి మాత్రం అది ఎన్నటికీ బయటపెట్టరాని వ్యవహారమని తలుపు మూసేశారు.

ఆ మౌనం రాజకీయంగా కొందరికి ఖరీదైంది. షంసుద్దీన్ ప్రభుత్వం ఫిబ్రవరి చివర్లో పడిపోయి జి.ఎం. సాదిఖ్ వచ్చారు. ఏప్రిల్‌లో షేక్ అబ్దుల్లా విడుదలయ్యారు. నెహ్రూ మే 27న కన్నుమూశారు. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో దొరుకుతాయి.

అంతగా చెప్పుకోనిది బెంగాల్ సంగతి. చోరీ వార్త అప్పటి తూర్పు పాకిస్తాన్‌కు వదంతిగా మారి చేరింది. జనవరి 3 నుంచి ఖుల్నాలో హిందువుల ఇళ్ళ మీద దాడులు మొదలయ్యాయి. శ్రీనగర్ ఎన్నడూ చూడనివాళ్ళు, అక్కడ పండితులు ముస్లింలతో కలిసి ఏడుస్తున్నారని తెలియనివాళ్ళు, పొరుగింటివాణ్ణి చంపారు. 4న పవిత్ర కేశం దొరికింది. అయినా ఆగలేదు. ఢాకా, నారాయణ్‌గంజ్ అంటుకున్నాయి. శరణార్థులు సరిహద్దు దాటారు. 10వ తేదీ నాటికి కలకత్తాలో ప్రతీకారం మొదలై వంద మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ముస్లింలు. మార్చిలో జంషెడ్‌పూర్, రూర్కెలాలకు పాకింది. అమితావ్ ఘోష్ 1988లో రాసిన ‘ద షాడో లైన్స్’ నవలకు ఈ అల్లర్లే కేంద్రం.

ఫాసిఖ్ ఎవరైనా వార్త తెస్తే విచారించుకోండి, తెలియక ఏ జాతికో హాని చేసి తర్వాత పశ్చాత్తాప పడవలసి వస్తుందని ‘హుజురాత్’ సూరాలో ఆజ్ఞ ఉంది. ప్రతి మదర్సా పిల్లవాడికీ కంఠోపాఠమైన ఆయతు అది. ఖుల్నాలో దాన్ని కంఠోపాఠం చేసినవాళ్ళు లేరా? ఉన్నారు. ఢాకాలో అమీర్ హుసేన్ చౌధురీ అనే సాహిత్యవేత్త హిందువులను కాపాడబోయి అల్లరిమూక చేతిలో హతమయ్యారు. జనవరి 17న అక్కడి ప్రధాన బెంగాలీ పత్రికలు, తూర్పు పాకిస్తానమా ఎదురునిలు అంటూ ఒకే విజ్ఞప్తిని ఒకే రోజు అచ్చువేశాయి. రాసినవాళ్ళూ, అచ్చు కూర్చినవాళ్ళూ ఎక్కువగా ముస్లింలే. సంతకాలు పెట్టి వీధుల్లో కమిటీలు వేసుకుని పహరా కాశారు.

హజ్రత్‌బల్‌లో ఇప్పుడు ఉన్నది 1968లో మొదలై 1979లో పూర్తయిన తెల్లటి పాలరాతి కట్టడం. మీలాద్, మేరాజ్ రోజుల్లో పవిత్ర కేశాన్ని బయటికి తెచ్చి ఎత్తి చూపిస్తారు. మైదానమంతా దరూద్ చదువుతూ చేతులెత్తుతుంది. 1963 నాటి జనంలో బతికున్నవాళ్ళు ఈనాటికీ కొందరు ఉన్నారు. ఎవరు తీశారని వాళ్ళను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు.