సీమ పందుల పెంపకం: పొదుపు చేయవలసిన చోటు, చేయరాని చోటు

వాణిజ్య సరళిలో సీమ పందుల పెంపకం చేపట్టదలచిన రైతు దృష్టి సాధారణంగా ముందు షెడ్డు నిర్మాణం మీదికి పోతుంది. కాని ఉత్పత్తి వ్యయంలో సుమారు 65 నుంచి 75 శాతం దాణాదే. అందువల్ల ఏ వసతినైనా అది ఎంత దాణాను ఆదా చేస్తుంది, ఎన్ని పిల్లలను బతికిస్తుంది అనే కొలతతోనే బేరీజు వేయాలి. లార్జ్ వైట్ యార్క్‌షైర్ జాతిని ఎంచుకున్నా, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం రూపొందించిన టి-17 సంకర జాతిని (75 శాతం యార్క్‌షైర్, 25 శాతం దేశవాళీ) ఎంచుకున్నా ఈ సూత్రం మారదు.

రాబడి లేని పది నెలలు

2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్ కింద 100 ఆడపందులు, 10 మగపందుల యూనిట్‌కు మూలధన వ్యయంలో 50 శాతం, గరిష్ఠంగా 30 లక్షల రూపాయల రాయితీని నిర్దేశించారు. ఇది నిర్వహణ పెట్టుబడికి వర్తించదు. చూడి కాలం 114 రోజులు. పుట్టిన పిల్లలు అమ్మకపు బరువుకు రావడానికి మరో 6 నుంచి 8 నెలలు పడుతుంది. అంటే పందులను దాటించిన నాటి నుంచి సుమారు 10 నెలలు చెప్పుకోదగిన రాబడి ఉండదు. 10 ఆడపందులు, ఒక మగపందికి రోజుకు తలా 2.5 కిలోల చొప్పున 300 రోజులకు 8,250 కిలోల దాణా కావాలి. కిలో 30 రూపాయలనుకుంటే 2,47,500 రూపాయలు. పాలిచ్చే తల్లులకు, పెరిగే పిల్లలకు అయ్యేది దీనికి అదనం. చేతిలోని సొమ్మంతా కట్టడానికే వెచ్చించిన రైతు, పిల్లలు ఎదిగే దశలోనే దాణాకు కోత పెట్టవలసి వస్తుంది.

దాణా లెక్క

పిల్ల 10 కిలోల నుంచి 90 కిలోలకు ఎదిగేటప్పుడు కిలో బరువుకు 3 కిలోల దాణా పడితే మొత్తం 240 కిలోలు, 3.5 కిలోలు పడితే 280 కిలోలు అవసరం. తేడా 40 కిలోలు. పై ధర ప్రకారం ఒక్కొక్క పందికి 1,200 రూపాయలు, 100 పందులకు 1,20,000 రూపాయలు. మొక్కజొన్న, నూకలు, తవుడు, వేరుశనగ చెక్క లేదా సోయా చెక్క, ఖనిజ లవణ మిశ్రమంతో స్థానికంగా దాణా తయారు చేసుకోవచ్చు. బూజు పట్టిన మొక్కజొన్న చవకగా దొరికినా వాడరాదు. తొట్టి అంచు నుంచి దాణా ఒలికిపోకుండా చూడటం ఖర్చు లేని పొదుపు.

వసతులు

పందికి చెమట ద్వారా శరీరాన్ని చల్లబరచుకునే శక్తి దాదాపు లేదు. ఎండ తీవ్రమైతే మేత తగ్గుతుంది. తల్లికి పాలు తగ్గుతాయి. షెడ్డు పొడవు తూర్పు–పడమరలుగా ఉండటం, ఎత్తైన కప్పు, దానిపై వరిగడ్డి లేదా తాటాకు, నీటి తుంపర్లు, ఉదయం–సాయంత్రం చల్లని వేళల్లో మేపు — ఇవన్నీ స్వల్ప వ్యయంతో సాధ్యమే. పెరిగే పందికి వయసును బట్టి 0.9 నుంచి 1.8 చదరపు మీటర్లు, ఈనే గదికి 7 నుంచి 9 చదరపు మీటర్ల స్థలం కావాలి.

ఈనే గదిలో రెండు వాతావరణాలు అవసరం. తల్లికి చల్లదనం కావాలి. తొలి వారంలో పిల్లలకు 30 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వెచ్చదనం కావాలి. ఒక మూల చిన్న గూడు కట్టి బల్బు వెలిగిస్తే చాలు. గోడకు, నేలకు సుమారు 25 సెం.మీ. దూరంలో ఇనుప గొట్టాన్ని అమర్చితే పిల్లలు తల్లి కింద నలిగి చనిపోవడం తగ్గుతుంది. ఈ గొట్టం మీద పొదుపు చేయరాదు.

ఖాళీ రోజులు

42వ రోజున పిల్లల పాలు మాన్పిస్తే తల్లి సాధారణంగా వారం లోపు ఎదకు వస్తుంది. అప్పుడు ఒక ఈత చక్రం 163 రోజులు. ఏడాదికి రెండు ఈతలకు మించి సాధ్యం. ఒక ఎద గమనించక తప్పిపోతే 21 రోజులు, సుమారు 52 కిలోల దాణా వృథా అవుతాయి.

హోటల్ వ్యర్థాలు

దాణా ఖర్చుకు భయపడి హోటళ్ల మిగులు ఆహారంపై ఆధారపడటం చవకగా కనిపిస్తుంది. అందులో నాలుగింట మూడు వంతులు నీరే ఉంటే, నాలుగు కిలోలు తెస్తే లభించే పొడి పదార్థం ఒక కిలో మాత్రమే. రవాణా, వంటచెరకు ఖర్చులు అదనం. అంతకు మించినది వ్యాధి భయం. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో భారతదేశంలో మొదటిసారిగా బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్ పంది మాంసపు ముక్కల ద్వారా కూడా వ్యాపిస్తుంది. దీనికి మన దేశంలో వాడుకలో ఉన్న టీకా లేదు. సోకితే మంద మొత్తం పోవచ్చు. మిగులు ఆహారం తప్పనిసరైతే, 90 డిగ్రీల వద్ద కనీసం 60 నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. మాంసపు వ్యర్థాలను వేరు చేయడం ఇంకా మేలు. కంచె, ద్వారం వద్ద క్రిమిసంహారక తొట్టి, కొత్త పందులను 30 రోజులు విడిగా ఉంచే గది, కొనుగోలుదారుల వాహనం లోపలికి రాకుండా వెలుపలే తూకం — ఇవి లేని షెడ్డు ఎంత దృఢంగా కట్టినా అసంపూర్ణమే. క్లాసికల్ స్వైన్ ఫీవర్‌కు టీకా ఉన్నందున దానిని తప్పక వేయించాలి.

విస్తరణ కార్యక్రమాలలో షెడ్డు నమూనాతో పాటు మూడు అంకెల నమోదును రైతులకు అలవాటు చేయాలి: ఒక్కో తల్లి ఏడాదికి పాలు మాన్పించే వరకు బతికించిన పిల్లల సంఖ్య, కిలో బరువుకు పట్టిన దాణా, ఖాళీగా ఉన్న రోజులు. ఈ మూడూ నోటు పుస్తకంలో ఉన్న రైతుకు తదుపరి రూపాయి గోడకు పెట్టాలో, దాణాకు పెట్టాలో తెలుస్తుంది. అవి లేనిచోట ధర పడిపోయిన మొదటి ఏడాదే ఖాళీ షెడ్డు, బ్యాంకు అప్పు మిగులుతాయి.