దూరపు దుకాణం – మన కార్డు

2024లో శ్రీ విజయపురమని పేరు మారినను, మనలో చాలామంది నోట ఇది నేటికీ పోర్ట్ బ్లెయిరే. చెన్నై నుండి సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైన పిదప, ఇంట కూర్చుని వస్తువులు తెప్పించుకొనుట ఇచ్చట సులువైనది. అయితే దూరపు దుకాణదారుడు మనలను గాని, కార్డును గాని చూడడు. అంకెలు తెలిసినవాడే అతనికి కార్డు యజమాని!

అందుకే 2009 ఆగస్టు నుండి దేశీయ ఆన్‌లైన్ కొనుగోళ్లకు రెండవ ధ్రువీకరణను రిజర్వు బ్యాంకు తప్పనిసరి చేసినది. మనకు వచ్చు ఓటీపీ అటువంటిదే. విదేశీ వెబ్‌సైట్లలో అది లేకయే సొమ్ము పోవచ్చును. కనుక బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలను నిలిపియుంచుట మేలు.

మోసగాళ్లకు మన పార్సిళ్ల ఆలస్యమే అదను. చిరునామా సరిచేయుడని తపాలాశాఖ పేరిట వచ్చు నకిలీ సందేశాలను గూర్చి 2024లో ప్రభుత్వమే హెచ్చరించినది. ఓడ రాక ఎదురుచూచు గృహిణి అట్టి లింకును నమ్ముటలో వింతేమున్నది?

సొమ్ము పోయినచో, సెలవుపై శ్రీకాకుళం వెళ్లినపుడు అచ్చటి శాఖలో అడుగుదమనుకొనరాదు. బ్యాంకుదీ, మనదీ కాని లోపము వలన జరిగిన మోసమును, బ్యాంకు సందేశమందిన మూడు పనిదినములలో తెలిపినచో ఖాతాదారునిపై భారముండదని 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు. ఓటీపీని మనమే చెప్పియున్నచో, ఫిర్యాదుకు ముందు పోయినది మన నష్టమే. వెంటనే బ్యాంకుకును, 1930 నంబరుకును ఫోను చేయవలెను. కార్డు వెనుకనున్న బ్యాంకు నంబరును ఇంటిలో వేరొకచోట వ్రాసియుంచుడు.