గ్రూపుల గుంపులో: అపోహలు – వాస్తవాలు

బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్ల ఫోన్ చూడండి. కాలేజీ గ్రూపు, ప్లేస్‌మెంట్ల గ్రూపు, ఆఫ్ క్యాంపస్ డ్రైవ్‌ల టెలిగ్రామ్ చానెళ్లు, అమీర్‌పేటలో కోర్సులో చేరినప్పుడు కలిపిన గ్రూపు, ఎవరో లింక్ పంపితే చేరిన డిస్కార్డ్ సర్వర్లు... వరస తెగదు. ఫార్మసిస్టులది, అకౌంటెంట్లది, టీచర్లది కూడా ఇదే తంతు. చేరినవి బోలెడు, తెరిచి చదివేవి రెండో మూడో. చేరేముందే మనసులో పాతుకుపోయిన కొన్ని నమ్మకాల వల్లే చాలావరకు ఇలా జరుగుతోంది.

అపోహ: ఎన్ని గ్రూపుల్లో ఉంటే అన్ని ఉద్యోగావకాశాలు

ఇందులో సగం నిజం ఉంది. అందుకే ఈ నమ్మకం ఓ పట్టాన పోదు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసంలో ఒక ఆసక్తికరమైన లెక్క ఉంది. పరిచయాల ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించినవాళ్లను ‘ఆ కబురు చెప్పిన మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారు?’ అని ఆయన అడిగారు. తరచూ కలిసేవాళ్లమన్నది 16.7 శాతం మందే. అప్పుడప్పుడని 55.6 శాతం, ఎప్పుడో గానీ కలవమని 27.8 శాతం చెప్పారు. కారణం ఊహించలేనిదేం కాదు. ప్రాణస్నేహితుడికి తెలిసిన ఖాళీల సంగతి మనకూ ఎలాగూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు రావాలంటే వేరే వలయంలో తిరిగే మనిషి కావాలి.

దాదాపు అర్ధశతాబ్దం తర్వాత, 2 కోట్ల మందికి పైగా లింక్డ్‌ఇన్ సభ్యులపై అయిదేళ్ల పాటు సాగిన ప్రయోగాల ఫలితాలు 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. గ్రానొవెటర్ మాట మొత్తం మీద నిలబడింది, కానీ ఒక సవరణతో. ఉమ్మడి పరిచయస్తుల సంఖ్యను బట్టి చూస్తే ఓ మోస్తరు బలహీనమైన పరిచయాలే ఎక్కువగా పనికొచ్చాయి. మరీ పల్చనైన చోట లాభం తగ్గిపోయింది.

వెయ్యిమంది గ్రూపులో మీ పేరు ఒక్కరికీ తెలియకపోతే దాన్ని బలహీనమైన పరిచయం అని కూడా అనలేం. ‘ఆ అబ్బాయా, మొన్న జీఎస్టీ రిటర్నుల గొడవ మీద బాగా అడిగాడే’ అని ఒకరిద్దరైనా గుర్తుపట్టే చోట్లు రెండున్నా చాలు. నన్నడిగితే మిగతావన్నీ నోటిఫికేషన్ల మోతే.

అపోహ: మాట్లాడనివాళ్లకు గ్రూపు దండగ

చేరిన రోజే ‘హాయ్ ఆల్’ అనడం, తర్వాత ప్రతి పోస్టుకూ బొటనవేలు గుర్తు పెట్టడం చురుకుదనం అనుకుంటారు కొందరు. కానీ చూస్తూ నేర్చుకోవడానికీ విలువ ఉంది. దాన్ని పరిశోధకులు జీన్ లేవ్, ఎటియన్ వెంగర్ 1991లో తెచ్చిన పుస్తకంలో వివరంగా రాశారు. వాళ్లు చూపిన ఉదాహరణల్లో పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా దర్జీలది ఒకటి. అక్కడ పనికి కుదిరిన కుర్రాడికి ముందే కత్తెర ఇవ్వరు. గుండీలు కుట్టడం, అంచులు మడవడం, ఇస్త్రీ చేయడం అతని మొదటి పనులు. తర్వాత కుట్టు, ఆఖరున కత్తిరింపు. అంటే బట్ట తయారయ్యే వరసకు నేర్చుకునే వరస తలకిందులన్నమాట. గుండీ తప్పు కుడితే విప్పి మళ్లీ కుట్టవచ్చు, గుడ్డ తప్పు కత్తిరిస్తే పోయినట్లే. పైగా చివరి పనులు చేస్తూ చేస్తూ, పూర్తయిన చొక్కా ఎలా ఉండాలో వాడి కంటికి పట్టేస్తుంది.

కొత్త సమూహంలో మొదటి కొన్ని వారాలు ఇలాగే గడపవచ్చు. పాత చర్చలు వెతికి చదవడం, ఎవరి జవాబుకు ఎందుకు గౌరవం ఉందో గమనించడం, ఎవరో అడిగిన ప్రశ్నను మన కంప్యూటర్లో మనమే ప్రయత్నించి చూడటం. ఆ తర్వాత చిన్న సాయం: పనిచేయని లింకు సరిచేయడం, పదేపదే వచ్చే ప్రశ్నకు పాత జవాబు ఎక్కడుందో చూపడం. అలాగని ఏళ్ల తరబడి గుండీల దగ్గరే ఉండిపోవడం కూడా కుదరదు.

అపోహ: రూల్స్ ఎక్కువున్న చోట పొగరుబోతులు ఉంటారు

ప్రోగ్రామర్లు 2008 నుంచి వాడుతున్న స్టాక్ ఓవర్‌ఫ్లో మీద ఈ ఫిర్యాదు ఎప్పటిదో. అక్కడ ఎవరైనా ప్రశ్న వేయవచ్చు. కానీ ఒక పోస్టుకు అనుకూలంగా ఓటేయాలంటే 15 పాయింట్లు, ఇతరుల పోస్టుల కింద వ్యాఖ్య రాయాలంటే 50 పాయింట్లు సంపాదించాలి. 2022 డిసెంబరులో, చాట్‌జీపీటీ బయటికొచ్చిన కొద్ది రోజులకే, అది రాసిచ్చిన జవాబులు పెట్టడాన్నీ నిషేధించారు. అక్కడ కొందరు కటువుగా మాట్లాడతారన్నది నిజమే, దాన్ని వెనకేసుకు రానక్కర్లేదు. అయినా ఏళ్లనాటి జవాబు ఇవాళ్టికీ వెతికితే దొరికి అక్కరకొస్తోందంటే ఆ కట్టడి పుణ్యమే.

మనవాళ్లకు ఒక అలవాటుంది. ‘సర్, చిన్న డౌట్’ అని పెట్టి ఊరుకుంటారు. ఎవరైనా ‘చెప్పండి’ అనేదాకా అసలు విషయం బయటపెట్టరు. మర్యాద అనుకుని చేసే ఈ పని జవాబు చెప్పగలవాళ్లను దూరం చేస్తుంది. ఏం చేయబోయారు, ఏం జరిగింది, ఎర్రర్‌లో అక్షరం పొల్లుపోకుండా ఏముంది, ఇప్పటిదాకా ఏమేం ప్రయత్నించారు అన్నవన్నీ ఒకే సందేశంలో పెట్టాలి. చాలాసార్లు ఇవి రాస్తుండగానే తప్పు మనకే దొరుకుతుంది.

ఇంగ్లిష్ అంతంతమాత్రమని వెనుకాడేవాళ్లకు: లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి 1991 ఆగస్టులో ఇంగ్లిష్‌లో ప్రకటించిన లైనస్ టోర్వాల్డ్స్ మాతృభాష స్వీడిష్. వివరాలు సరిగ్గా ఉంటే వ్యాకరణాన్ని ఎవరూ పట్టించుకోరు.

అపోహ: ఫీజు ఉంటే నాణ్యత ఉన్నట్టే

ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఫీజు కట్టేముందు గత నెల ప్రశ్నలకు జవాబులొచ్చాయా, తప్పు జవాబును ఎవరైనా సరిదిద్దారా, ప్రకటనలను అడ్మిన్ తీసేస్తున్నారా చూడండి. చూడనివ్వకుండా డబ్బడిగితే వదిలేయండి.

అపోహ: లోపల ఉన్నదంతా మనవాళ్లే

వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా ఉండవచ్చు. వాళ్లందరికీ మీ ఫోన్ నంబరు కనిపిస్తుంది. ఎవరు పడితే వాళ్లు గ్రూపుల్లో కలపకుండా ప్రైవసీ సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. ఈ పని చేసినవాళ్లు తక్కువ. అంతకంటే ప్రమాదం మనం పెట్టే ఫొటోలతో. పేరు, ఓపీ నంబరు కనిపించే రోగి రిపోర్టు, క్లయింటు బ్యాలెన్స్ షీటు, పాస్‌వర్డ్ ఉన్న కోడ్ ముక్క ఒకసారి బయటపడితే, తర్వాత డిలీట్ చేసినా అప్పటికే ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఉండవచ్చు.

గ్రూపులో ఎవరైనా ఉద్యోగం ఉందని చెప్పి, ఇంటర్వ్యూ పెట్టకుండానే రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే అది ఉద్యోగం కాదు. డేటా ఎంట్రీ కొలువులని నమ్మించి యువకులను కాంబోడియాకు పంపి, అక్కడ వాళ్లతో సైబర్ మోసాలు చేయించిన కేసులో 2024లో విశాఖ పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశారు. విదేశీ ఉద్యోగమంటే ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూడవచ్చు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

అపోహ: మధ్యలో బయటికొస్తే బాగుండదు

వాట్సాప్‌లో 2022 నుంచి మీరు వెళ్లిపోయిన కబురు అడ్మిన్లకే అందుతుంది. పాత సభ్యుల జాబితాలో మాత్రం 60 రోజులు మీ పేరు కనిపిస్తుంది. అంతకుమించి ఎవరికీ ఏ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. కాకపోతే వెళ్లేముందు మీకు పనికొచ్చిన జవాబులు కాపీ చేసి పెట్టుకోండి. ఉన్నచోటే ఉన్నా ఆ పని మంచిదే, ఎందుకంటే ఆఫీసు చాట్ యాప్ స్లాక్ ఉచిత ఖాతాల్లో 90 రోజులకు మించిన సందేశాలు కనిపించవు.