ఏటికొప్పాక లక్క బొమ్మలు

ఏటికొప్పాక లక్క బొమ్మలు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో తయారయ్యే సంప్రదాయ కొయ్య బొమ్మలు. వరాహ నది ఒడ్డున, ఎలమంచిలి మండలంలో ఉన్న ఏటికొప్పాక గ్రామం పేరు మీదుగా వీటికి ఈ పేరు వచ్చింది. ఈ గ్రామం 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ప్రస్తుతం అనకాపల్లి జిల్లాలో ఉంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.

కొయ్య

ఈ బొమ్మలకు అంకుడు కర్రను వాడతారు. అంకుడు వృక్షశాస్త్ర నామం రైటియా టింక్టోరియా. తూర్పు కనుమల అడవులలో పెరిగే ఈ చెట్టు కొయ్య తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉంటుంది. అందువలన ఉలికి సులభంగా లొంగుతుంది. కర్ణాటకలోని చెన్నపట్నం బొమ్మలకు వాడేదీ ఈ కొయ్యే. కొండపల్లి బొమ్మల పద్ధతి వేరు. అక్కడ తెల్ల పొణికి కర్రను చెక్కి, భాగాలను అతికి, కుంచెతో రంగులు వేస్తారు. ఏటికొప్పాకలో కర్రను తిప్పుతూ మలుస్తారు. అందువలననే ఈ బొమ్మలలో గుండ్రని ఆకారాలే ఎక్కువ.

తయారీ విధానం

కర్రను బాగా ఆరబెట్టి, ముక్కలుగా కోసి, తరిమెన పట్టే యంత్రానికి బిగిస్తారు. పూర్వం దీనిని చేతితో తిప్పేవారు. ఇప్పుడు విద్యుత్తుతో తిప్పుతున్నారు. తిరుగుతున్న కర్రను ఉలితో మలచిన తరువాత, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించి నొక్కుతారు. రాపిడి వలన పుట్టిన వేడికి లక్క కరిగి కొయ్యకు పట్టుకుంటుంది. చివరగా మొగలి ఆకుతో రుద్దితే నునుపు, మెరుపు వస్తాయి. లక్క అనేది మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై జీవించే చిన్న కీటకాలు స్రవించే జిగురు పదార్థం.

లక్కపిడతలు, బొంగరాలు, గిలక్కాయలు, కుంకుమ భరిణెలు, చిన్న వీణలు ఇక్కడి ప్రసిద్ధ వస్తువులు.

రంగులు

రసాయనిక రంగులు చవకగా దొరకడంతో సహజ వర్ణాలు కొంతకాలం వెనుకబడ్డాయి. కొన్ని రసాయనిక రంగులలో సీసం వంటి భార లోహాలు ఉంటాయి. పసిపిల్లలు బొమ్మను నోట పెట్టుకొంటారు గనుక ఇది చిన్న విషయం కాదు. ఈ గ్రామానికి చెందిన సి.వి. రాజు సహజ వర్ణాల పునరుద్ధరణకు కృషి చేశారు. ఆయనకు 2023లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. పసుపు నుండి పసుపు వర్ణం, జాఫ్రా గింజల నుండి నారింజ వర్ణం, నీలి మొక్క నుండి నీలం లభిస్తాయి. వీటిలో పసుపు పాడేరు, అరకు ప్రాంతాల గిరిజనులు పండించే పంటే.

భారతదేశంలో 2021 జనవరి 1 నుండి బొమ్మలకు నాణ్యతా ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి. నమోదైన హస్తకళాకారులు చేసిన బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. ఇది చిన్న కళాకారులకు ఊరట. అయితే వాడే రంగు నిరపాయమైనదిగా ఉండేలా చూసే బాధ్యత అంతమేరకు వారిపైనే పడుతుంది.

జపాను బొమ్మలతో పోలిక

ఈశాన్య జపానులోని తొహొకు ప్రాంతంలో కొకేషి అనే కొయ్య బొమ్మలు చేస్తారు. ఇవీ కర్రను తిప్పి మలచినవే. కాళ్ళు చేతులు ఉండవు. వేడినీటి బుగ్గల ఊళ్ళకు వచ్చే యాత్రికుల కోసం అక్కడి వడ్రంగులు వీటిని చేసేవారు. తిరిగే కర్రకు కుంచె ఆనించి వాటిపై రంగు వలయాలు గీస్తారు. జపానులోనే రెండవ ప్రపంచ యుద్ధం తరువాత మెత్తని వినైల్ బొమ్మలు వ్యాపించాయి. 1990 దశకం నుండి కళాకారులు పరిమిత సంఖ్యలో చేసే వినైల్ బొమ్మలకు ఆదరణ పెరిగింది. వీటిలో కొన్నింటికి దరుమా బొమ్మలు, జానపద కథలలోని వింత జీవులు ఆధారం. వినైల్ బొమ్మకు అచ్చు ఉంటే చాలు. ఏటికొప్పాక బొమ్మకు చెట్టు కావాలి.

ముడిసరుకు సమస్య

అంకుడు కర్ర కొరతే ఈ కళ ఎదుర్కొంటున్న ప్రధాన సమస్య. మొదలు వరకు నరికినా ఈ చెట్టు మళ్ళీ చిగురిస్తుంది. కాని ఆ చిగుళ్ళు తగినంత లావెక్కే వరకు ఆగి కోస్తేనే అడవి నిలుస్తుంది, దానితో పాటు ఈ కళ కూడా నిలుస్తుంది.