ఎవరూ చూడనప్పుడు మనమెవరం?

నేటి యువతరం ఇష్టంగా చదివే మిస్టరీ కథల్లో ఒక ఇతివృత్తం పదేపదే కనిపిస్తుంది. లక్షలాది అభిమానులున్న ఒక యువతార హఠాత్తుగా అదృశ్యమవుతుంది. ఆమెకేమైంది, దానికి కారకులెవరు అన్న అన్వేషణ మొదలవుతుంది. ముడులు ఒక్కొక్కటీ విడుతున్న కొద్దీ పాఠకునికి మరో సంగతి బోధపడుతుంది. చప్పట్ల కోసం ఆమె తన మాట, నడత, స్నేహాలు అన్నిటినీ మార్చుకుంటూ వచ్చింది. చివరికి తానెవరో తనకే తెలియని స్థితికి చేరింది. కథ కల్పితమే కావచ్చు, కాని ఆ వ్యాధి కల్పితం కాదు. అది సినిమా తారలకే పరిమితమూ కాదు.

మా మద్రసాలో జరిగిన ఒక సంగతి చెబుతాము. ఇందులో తప్పు మాదే. హిఫ్జ్ తరగతిలో పదకొండేళ్ల బాలుడొకడు ఉండేవాడు. మధురమైన కంఠం. ఒక రమజాన్‌లో అతని పారాయణాన్ని మేమే ఫోనులో చిత్రీకరించి, మద్రసాకు చందాలిచ్చే సోదరులకు పంపాము. వారు మరెందరికో పంపారు. ప్రశంసలు వెల్లువెత్తాయి. మేమూ సంతోషించాము. కొన్ని వారాల తరువాత ఒకనాడు ఫజ్ర్ నమాజు అనంతరం పాత పాఠం అప్పజెప్పమన్నాము. బాలుడు అటూ ఇటూ చూసి, "ఉస్తాద్, ఫోను పెట్టలేదా?" అని అడిగాడు. లేదన్నాము. నీరసంగా, తొందరతొందరగా చదివి ముగించాడు. ఆ ప్రశ్న చాలా రోజులు మమ్మల్ని వెంటాడింది. అల్లాహ్ వాక్కును మనుషుల కోసం చదివే అలవాటు ఆ పసివానికి నేర్పింది మేము కాక మరెవరు?

ప్రదర్శనా బుద్ధిని, అంటే రియాను, దైవప్రవక్త (సఅసం) చిన్న షిర్క్‌గా పేర్కొన్నారు. సహీహ్ ముస్లింలోని ఒక ప్రసిద్ధ హదీసు ప్రకారం, ప్రళయదినాన మొట్టమొదట తీర్పు ఎదుర్కొనేవారిలో ముగ్గురుంటారు: యుద్ధంలో ప్రాణమిచ్చినవాడు, విద్య నేర్చి నేర్పి ఖుర్ఆన్ పారాయణం చేసినవాడు, ధారాళంగా దానం చేసినవాడు. ముగ్గురివీ గొప్ప కార్యాలే. కాని వీరుడనీ, పండితుడనీ, దాత అనీ లోకులు అనాలని వారు ఆశించారు. లోకులు అననే అన్నారు. ఇక వారికి పరలోకంలో మిగిలింది నరకాగ్నే. ఈ హదీసు వినిపించబోయే ముందు హజ్రత్ అబూ హురైరా (రజి) భయంతో పలుమార్లు స్పృహ కోల్పోయారని తిర్మిజీ ఉల్లేఖనంలో ఉంది. ఆ ముగ్గురిలో ఖుర్ఆన్ పారాయణకర్త కూడా ఉన్నాడన్న విషయం మావంటి ఉపాధ్యాయులు మరువరానిది.

కీర్తి చెరిచేది దాన్ని పొందినవారిని మాత్రమే కాదు, చూసేవారినీ చెరుస్తుంది. హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) సాటిలేని సేనాని. అయినా హిజ్రీ 17లో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఆయనను పదవి నుంచి తప్పించారు. ద్రోహం చేశారని కాదు. ప్రజలు ఆయన పట్ల వ్యామోహంలో పడి, విజయమిచ్చేది అల్లాహ్ అన్న సత్యాన్ని మరచిపోతారన్న భయంతోనే తప్పించానని ఆయన స్వయంగా ప్రకటించారు. ఖాలిద్ (రజి) తిరుగుబాటు చేయలేదు. ఆ ఆదేశాన్ని శిరసావహించారు.

మన కాలంలోనూ ఒక ఉదాహరణ ఉంది. 2016లో వచ్చిన 'దంగల్' చిత్రంతో కశ్మీరీ బాలిక జైరా వసీంకు దేశమంతటా పేరొచ్చింది, జాతీయ పురస్కారమూ లభించింది. 2019 జూన్‌లో, ఇంకా పద్దెనిమిదేళ్ల వయసులోనే, ఈ వృత్తి తన విశ్వాసానికి విఘాతం కలిగిస్తోందని చెప్పి ఆమె వైదొలగింది. మరుసటి ఏడాది తన ఛాయాచిత్రాలను తొలగించండని అభిమానులను వేడుకోవలసి వచ్చింది. కీర్తిని వదులుకున్నా, అది మనిషిని అంత సులభంగా వదలదు.

అలాగని పేరు రావడమే పాపం కాదు. అల్లాహ్ కోసం చేసిన మంచిని చూసి జనం మెచ్చుకుంటే, అది విశ్వాసికి ముందుగా అందే శుభవార్త అని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. దానధర్మాలు బహిరంగంగా చేయడం మంచిదేననీ, గుప్తంగా చేయడం మరింత శ్రేష్ఠమనీ దివ్య ఖుర్ఆన్ (2:271) బోధిస్తోంది. పేరు వెంట పరుగెత్తడమే ప్రమాదం.

మదీనా నగరంలోనూ ఒకప్పుడు ఒక రహస్యం ఉండేది. పేదల గుమ్మాల ముందుకు రాత్రివేళ ఆహారం వచ్చేది. తెచ్చేదెవరో ఎవరికీ తెలియదు. హజ్రత్ హుసైన్ (రజి) కుమారులు జైనుల్ ఆబిదీన్ (రహ్మ) మరణించాక ఆ ఆహారం ఆగిపోయింది. ఆయన భౌతికకాయానికి స్నానం చేయిస్తున్నవారికి వీపుపై బస్తాలు మోసిన గుర్తులు కనిపించాయి. సుమారు వంద కుటుంబాలను ఆయన పోషించారని చరిత్రకారులు రాశారు. మిస్టరీ కథల్లో చివరికి నేరం బయటపడుతుంది, ఇక్కడ బయటపడింది పుణ్యం.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. పిల్లల నమాజును, పారాయణాన్ని, దానాన్ని లోకానికి చూపే ముందు ఒక్క క్షణం ఆగండి. ఇంట్లో దగ్గరకు తీసుకుని మెచ్చుకోండి, దుఆ చేయండి. మీకూ అల్లాహ్‌కూ తప్ప మరెవరికీ తెలియని ఒక సత్కార్యం మీరు చేయండి, వారికీ అలవాటు చేయండి.

మా తరగతిలోకి ఇప్పుడు ఫోను రాదు. ఆ బాలుడు మళ్లీ కుదురుకోవడానికి నెలలు పట్టింది. మొన్న చలికాలంలో, ఫజ్ర్ అజాన్‌కు ఇంకా చాలా సమయం ఉండగా, మస్జిద్ మూలన చీకటిలో సన్నని పారాయణం వినిపించింది. గొంతు గుర్తుపట్టాము. అడుగుల చప్పుడు కాకుండా వెనుదిరిగాము.

అల్లాహ్ మనందరి సంకల్పాలను శుద్ధి చేయుగాక. ఆమీన్.