ప్రయివేటు చదువు: బరువెంత? ఫలమెంత?

ఖరగ్‌పూర్: రైలు కూతతో మేల్కొనే ఈ పట్టణంలో విద్యాసంవత్సరారంభం మధ్యతరగతి కుటుంబాలకు ఆర్థిక పరీక్షగా పరిణమిస్తోంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో నెలకొన్న కర్మాగారంలో పనికై ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగువారి మునిమనుమలకు నేడు ప్రయివేటు ఆంగ్ల మాధ్యమమే ఆకర్షణ. అయితే పెట్టిన సొమ్ముకు తగిన ఫలం దక్కుతున్నదా అన్నదే ప్రశ్న.

కేంద్ర ప్రభుత్వం 2025లో వెల్లడించిన జాతీయ నమూనా సర్వే ప్రకారం, దేశంలో ప్రభుత్వ పాఠశాల విద్యార్థిపై కుటుంబం ఏడాదికి సగటున రూ. 2,863 వెచ్చిస్తుండగా, ఇతర పాఠశాలల విద్యార్థిపై ఆ వ్యయం రూ. 25,002. పైగా విద్యార్థులలో 27 శాతం మంది విడిగా ట్యూషన్లను కూడా ఆశ్రయిస్తున్నారు. అనగా బడి ఫీజుతోనే ఖర్చు తీరడం లేదన్నమాట.

రైల్వేలో పర్మనెంటు ఉద్యోగికి ఈ భారం కొంత తేలిక. 2024 జనవరి నుంచి పిల్లల విద్యాభత్యం ఒక్కొక్కరికి నెలకు రూ. 2,812.50కు పెరిగింది. ఇది ఇద్దరు పిల్లల వరకు వర్తిస్తుంది. ఉదాహరణకు ఫీజు నెలకు రూ. 4,000 అనుకుంటే ఏడాదికి రూ. 48,000 అవుతుంది. అందులో రూ. 33,750 భత్యంగా రాగా, ఉద్యోగి భరించవలసింది రూ. 14,250 మాత్రమే. అదే కర్మాగారంలో కాంట్రాక్టు పద్ధతిపై పనిచేసే కార్మికుడు మొత్తం రూ. 48,000 తన జేబునుంచే చెల్లించాలి. నెలకు రూ. 500 విద్యాలయ వికాస్ నిధితో చదువు సాగే కేంద్రీయ విద్యాలయం పట్టణంలో ఉన్నప్పటికీ, ప్రవేశాలలో ప్రథమ ప్రాధాన్యం కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలకే. చౌక చదువు సైతం ఉద్యోగ భద్రత గలవారికే చేరువ కావడం గమనార్హం.

ఇక ఫలితాల మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో 2008లో ప్రారంభమైన ఒక ప్రయోగంలో, లాటరీ ద్వారా ఎంపికైన విద్యార్థులను ఉచితంగా ప్రయివేటు బడులలో చేర్పించారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, నాలుగేళ్ల అనంతరం తెలుగు, గణితం తదితర అంశాలలో వీరికి, ప్రభుత్వ బడి పిల్లలకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రయివేటు బడి పిల్లలు ముందంజలో ఉన్నారు. అయితే అవి స్వల్ప ఫీజుల గ్రామీణ పాఠశాలలు. పట్టణాల ఖరీదైన విద్యాసంస్థలకు ఈ నిర్ణయాన్ని యథాతథంగా అన్వయించరాదు. కాని ప్రయివేటు అన్నంతమాత్రాన చదువు మెరుగన్న నమ్మకానికి ఆధారం లేదని మాత్రం తేలుతోంది.

ఖరగ్‌పూర్ తెలుగువారికి మరొక నష్టం కూడా ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించేందుకు ఆమోదం తెలిపింది. కాని ఆ భాష నేర్పని బడికి పిల్లలను పంపితే, ఇంటి మాట ఇంట్లోనే నిలిచిపోతుంది. తెలుగు లిపి తరువాతి తరానికి అందదు.

కనుక ఫీజు రసీదును బట్టి గాక, ఉపాధ్యాయుల అర్హతలు, తరగతిలో విద్యార్థుల సంఖ్య, ట్యూషన్ల అవసరం విచారించిన పిదపనే నిర్ణయానికి రావడం శ్రేయస్కరం. అప్పుచేసి చదివించదలచిన కుటుంబం మొదటి తరగతితోనే పొదుపును హరించుకుంటే, కళాశాల చదువు నాటికి చేతిలో మిగిలేదేమిటో యోచించవలసి ఉంది.