జీపులో శబ్దం ఎప్పుడొస్తుంది?

తెలుగులో శబ్దాలకు మాటలు తక్కువేం కాదు. గలగల, లొడలొడ, టకటక, కీచుకీచు, గరగర, ఖణఖణ. వీటిని మనం క్లాసులో ధ్వన్యనుకరణ పదాలని చదువుకుంటున్నాం. కొండదారుల్లో జీపు తోలేవాళ్లకూ, షెడ్డులో మెకానిక్కులకూ ఇవి రోజూ పనికొచ్చే మాటలు. లొడలొడ అంటే ఏదో వదులైందని, గరగర అంటే ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నాయని, కీచుకీచు అంటే ఎక్కడో గ్రీజు ఎండిపోయిందని వాళ్లు మొదటి అంచనా వేసుకుంటారు.

అయితే ఈ మాటలు శబ్దం ఎట్లా ఉందో చెప్తాయి గానీ ఎప్పుడు వస్తుందో చెప్పవు. ఎప్పుడూ వచ్చే శబ్దంతో పెద్ద చిక్కు లేదు. మెకానిక్ పక్కన కూర్చుని ఒక రౌండు వస్తే తెలిసిపోతుంది. ఒకరోజు వచ్చి, మూడు రోజులు మాయమై, షెడ్డుకు తీసుకుపోయిన రోజు చప్పుడు చేయకుండా కూర్చునే శబ్దంతోనే తంటా. అట్లాంటి శబ్దాన్ని పట్టుకునే పద్ధతి ఇక్కడ చెప్తాను.

మన హోసూరులో ఉన్నవాళ్లకు ఇది మగవాళ్ల సంగతిగా, షెడ్డు సంగతిగా అనిపించొచ్చు. కానీ డెంకణికోట దాటి అంచెట్టి, బెట్టముగిళాలం వైపు కొండపల్లెలకు వెళ్తే, బస్సు వెళ్లని చోట జీపే దిక్కు. రాగుల మూటలు, చింతపండు, ఆస్పత్రికి పోవాల్సిన మనిషి, అందరూ అందులోనే. మనలో కొందరు సోమవారం పొద్దున కాలేజీకి బయల్దేరేదీ అట్లాంటి బండ్లలోనే. శబ్దం ఏమిటో తెలియకపోతే రెండు నష్టాలు. చెడని సామాన్లు మార్చి డబ్బు పోగొట్టుకోవడం ఒకటి. నిజంగా ఊడిపోయేదాన్ని పట్టించుకోకుండా ఘాట్ దిగడం రెండోది.

చెవి ఎందుకు మోసపోతుంది

జీపుకు అడుగున ముందునుంచి వెనకదాకా ఇనుప చట్రం ఉంటుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, ఉక్కులో సుమారు 5,000 మీటర్లు పోతుంది. వెనక ఇరుసు దగ్గర పుట్టిన టక్ చట్రం వెంబడి పాకి, డ్రైవరు కాళ్ల కింద వినిపించొచ్చు. పలచని రేకు ఎక్కడుంటే అక్కడ అది ఇంకా పెద్దదవుతుంది. అందుకే "ముందు ఎడమ చక్రం దగ్గర వస్తోంది" అన్న మాటను మంచి మెకానిక్ వింటాడు, వెంటనే నమ్మడు. నొప్పి ఒకచోట, మందు ఇంకోచోట అయ్యేది ఇక్కడే.

శబ్దం వచ్చి పోవడానికి కారణాలు

మొదటిది వేడి. ఒక మీటరు పొడవున్న ఉక్కు 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు తగలని సైలెన్సర్ గొట్టం, పది కిలోమీటర్లు పోయాక చట్రానికి తగలడానికి అంత చాలు. బండి ఆపాక టిక్ టిక్ మని వినిపించేది కూడా చాలాసార్లు ఆ గొట్టం చల్లారుతూ కుంచించుకుపోయే శబ్దమే. అది రోగం కాదు.

రెండోది నీళ్లు, బురద. వాగు దాటినప్పుడు నీళ్లు సీలు దాటి లోపలికి పోతే గ్రీజు పాడవుతుంది, తుప్పు మొదలవుతుంది. తడిగా ఉన్నంతసేపు మౌనంగా ఉండి, ఆరాక కీచుమంటుంది.

మూడోది బరువు. జీపు వెనక కమాను పట్టీల మీద కూర్చుంటుంది. పది మంది ఎక్కితే కమాన్లు చదునవుతాయి, ఇరుసు చట్రానికి దగ్గరవుతుంది. దాంతో గేరుబాక్సు నుంచి ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారిపోతుంది. ఖాళీ బండిలో లేని శబ్దం నిండు బండిలో రావడానికి ఇదొక కారణం.

షెడ్డుకు తీసుకుపోయినప్పుడు బండి ఖాళీగా, ఆరిపోయి, చల్లగా ఉంటుంది. శబ్దం రాకపోవడంలో వింతేముంది?

అడగాల్సిన ప్రశ్నలు

ముందుగా బండి ఖాళీ చేయండి. జాకీ, స్పానర్లు, సీటు కింద సీసాలు, స్టెప్నీ బిగింపు, అన్నీ చూడండి. "ఇంజను పోయింది" అనుకున్న శబ్దాల్లో కొన్ని ఇక్కడే తేలిపోతాయి.

ఆ తర్వాత మొదటి ప్రశ్న: బండి నిలబడి ఉన్నప్పుడు వస్తుందా? వస్తే చక్రాలకూ ఇరుసుకూ సంబంధం లేదు. ఇంజను, బెల్టు, ఫ్యాను, సైలెన్సర్, క్లచ్ వైపు చూడాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ తొక్కినప్పుడే శబ్దం వస్తే క్లచ్ బేరింగు మీద అనుమానం. తొక్కితే పోయి, వదిలితే వస్తే గేరుబాక్సు లోపలి బేరింగు మీద అనుమానం.

రెండో ప్రశ్న: పోతూ ఉండగా క్లచ్ తొక్కితే ఏమవుతుంది? చదునైన, ఖాళీ రోడ్డు మీద రెండు మూడు సెకన్లు చేస్తే చాలు. ఘాట్ దిగేటప్పుడు మాత్రం ఈ పని చేయకూడదు, ఇంజను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. క్లచ్ తొక్కగానే ఇంజనుతోపాటు శబ్దమూ తగ్గితే అది ఇంజను వైపుది. చక్రాల వేగంతోనే సాగితే చక్రం, ఇరుసు, షాఫ్టు వైపుది. క్లచ్ తొక్కినంతసేపు పూర్తిగా మాయమై, మళ్లీ ఇంజను లాగగానే వస్తే, లాగుడు పడే కీలు ఏదో వదులైంది.

మూడో ప్రశ్న: ఎన్నిసార్లు? ఇది లెక్కతో తేలుతుంది. జీపు టైరు ఎత్తు 70 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక చుట్టుకు 2.2 మీటర్లు పోతుంది. గంటకు 8 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఒక్కసారి తిరుగుతుంది. అదే సమయంలో ప్రొపెల్లర్ షాఫ్టు సుమారు నాలుగైదు సార్లు తిరుగుతుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు "టక్... టక్..." అని సెకనుకు ఒకటి వస్తే చక్రం దగ్గర వెతకాలి. "టకటకటక" అని చక్రం కన్నా వేగంగా వస్తే షాఫ్టు దగ్గర వెతకాలి. చక్రంలో ఇరుక్కున్న ఒక రాయి కూడా మొదటి రకం శబ్దమే చేస్తుంది, కాబట్టి ముందు టైరు చూడండి.

నాలుగో ప్రశ్న: మలుపులో, బ్రేకులో మారుతుందా? కుడివైపు తిరిగితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు గుర్రుమనే మోత పెరిగితే ఎడమ హబ్ బేరింగు అరిగి ఉండొచ్చు. ఎడమకు తిరిగితే లెక్క తిరగబడుతుంది. బ్రేకు కొంచెం తాకగానే లొడలొడ ఆగిపోతే బ్రేకు సామానే వదులుగా ఊగుతోందని అర్థం. బ్రేకు తొక్కినప్పుడే గరగర వస్తే బ్రేకు లైనింగు అరిగి ఇనుము తగులుతోందేమో చూడాలి.

ఐదో ప్రశ్న జీపులకే ప్రత్యేకం: ఫోర్ వీల్ లివర్ ఎక్కడుంది? మామూలు జీపుల్లో ఫోర్ వీల్ వేస్తే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ కట్టేసినట్టు ఒకే వేగంతో తిరుగుతాయి. కానీ మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం పోవాలి. బురదలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు రోడ్డు జారనివ్వదు. షాఫ్టులు మెలిపడి, బిగుసుకుని, ఒక్కసారి ధడ్‌మని వదులుతాయి. బండిలో ఏమీ చెడలేదు, గట్టిరోడ్డు మీద ఫోర్ వీల్ తీయలేదు, అంతే. లివర్ బిగుసుకుపోతే బండిని తిన్నగా కాస్త వెనక్కి పోనిస్తే వదులవుతుంది. ఇది తెలియక తారు మీద అట్లానే తోలితే మాత్రం నిజంగానే చెడుతుంది.

ఒక నోటుబుక్కు కథ

మా చిన్నాయన జీపు విషయంలో ఈ పద్ధతి పనిచేయడం చూశాను. పాత బండి. ఎప్పుడో ఒకసారి అడుగునుంచి "టక్" అని ఒకే ఒక్క దెబ్బ. ఒక షెడ్డులో ముందు చక్రం హబ్ బేరింగు మార్చారు. శబ్దం పోలేదు. తర్వాత షాకబ్జర్లు మార్చారు. నాలుగు రోజులు రాలేదు, ఐదో రోజు వచ్చింది. ఆ ఏడాది రాగులు అమ్మిన డబ్బులో చాలామటుకు అక్కడే అయిపోయింది.

అప్పుడు చిన్నమ్మ పాల లెక్క నోటుబుక్కు వెనక పేజీల్లో గీతలు గీసింది. బండిలో ఎంతమంది, ఏ గేరు, కాలు దేని మీద ఉంది, దారి తడా పొడా, ఇంతే. శబ్దం వచ్చినప్పుడల్లా చిన్నాయన చెప్పేవాడు, ఆమె రాసేది. పదకొండు రోజుల్లో పద్నాలుగు సార్లు వచ్చింది. పదమూడు సార్లు బండి నిండుగా ఉంది, అప్పుడు ఫస్ట్ గేరులో లాగడమో, ఆక్సిలేటర్ వదిలి మళ్లీ తొక్కడమో జరిగింది. క్లచ్ తొక్కి ఉన్నప్పుడు ఒక్కసారీ రాలేదు. మిగిలిన ఒక్కటి ఖాళీ బండిలో, రివర్సు వేసినప్పుడు.

ఇంకో పెద్దాయన షెడ్డుకు ఆ పేజీలు తీసుకుపోయారు. ఆయన రెండుసార్లు చదివి, "చక్రం బేరింగు అయితే క్లచ్ తొక్కినా మోగుతుంది కదమ్మా. ఇది లాగుడు మారినప్పుడే వస్తోంది. ఆ రివర్సు ఒక్కటీ రాసినావు చూడు, అదే చెప్తోంది" అన్నాడు. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఇంజను ఆపి, కిందికి దూరి ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పాడు. వెనక కీలు దగ్గర చిన్నగా టక్ మంది. ఆ కీలును మెకానిక్కులు క్రాస్ అంటారు, ప్లస్ గుర్తులాగా ఉంటుంది కాబట్టి. దాని మూతల చుట్టూ ఎర్రటి పొడి ఉంది. విప్పి చూస్తే లోపల సూదుల్లాంటి సన్నని బేరింగులు తుప్పుపట్టి పొడైపోయి ఉన్నాయి.

రోజూ వాగు దాటే బండి. నీళ్లు పోయాయి, గ్రీజు కొట్టలేదు. కొత్త క్రాస్ వేయడానికి అయిన ఖర్చు పాత బిల్లుల్లో నాలుగో వంతు కూడా కాదు. అది పట్టుకోకుండా ఉంటే? క్రాస్ విరిగితే షాఫ్టు ఊడి కిందపడుతుంది. నిండు బండిలో, ఎత్తు ఎక్కుతూ ఇంజను లాగుడు పోతే ఏమవుతుందో కొండదారి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఎప్పుడు ఆగిపోవాలి

నోటుబుక్కు రాస్తూ కూర్చోకూడని శబ్దాలు కొన్ని ఉన్నాయి. చక్రం దగ్గర లొడలొడతోపాటు బండి ఊగితే వెంటనే ఆపి చక్రం నట్లు చూడాలి. స్టీరింగు తిప్పితే టక్ మని చేతికి తగిలినా, బ్రేకులో గరగర వచ్చినా, అడుగున దెబ్బలతోపాటు బండంతా వణికినా ఇక ముందుకు పోకూడదు. జనాన్ని దించేసి మెకానిక్‌ను పిలిపించాలి.

మీరే చూడబోతే కొన్ని జాగ్రత్తలు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి. ఇంజను తిరుగుతుండగా బెల్టు దగ్గర చెయ్యి పెట్టకండి. చున్నీ, జడ, గాజులు ముందే సర్దుకోండి. తిరిగే షాఫ్టు కొంగును పట్టుకుంటే మనిషిని వదలదు.

మెకానిక్‌కు ఏం చెప్పాలి

"ఏదో శబ్దం వస్తోందన్నా, చూడు" అంటే ఆయనైనా ఏం చేస్తాడు? చేతికందింది మారుస్తాడు. దాని బదులు ఒక చీటీ రాసివ్వండి: శబ్దం ఎట్లా ఉంది (లొడలొడా, గరగరా, ఒకే దెబ్బా), వేగం ఎంత, ఏ గేరు, క్లచ్ తొక్కితే ఏమైంది, బ్రేకు తాకితే ఏమైంది, ఏ వైపు మలుపు, ఎంత బరువు, ఎంత దూరం పోయాక, వాగు దాటాకా దాటకముందా, ఫోర్ వీల్ ఉందా లేదా. శబ్దం రాని సందర్భాలు కూడా రాయండి. "క్లచ్ తొక్కితే రాలేదు" అన్న ఒక్క మాటే చిన్నాయన బండిలో సగం సామాన్లను అనుమానం నుంచి తప్పించింది.

చీటీ ఇచ్చాక ఒక రౌండు ఆయన్ని కూడా తీసుకెళ్లండి. ఖాళీ బండిలో వద్దు. నాలుగు రాగుల మూటలు వేసుకుని, శబ్దం వచ్చే దారిలోనే, శబ్దం వచ్చే వేళకే వెళ్లండి.